ఒక్క మెతుకుతో మొదలు: సుషీ హోటళ్లను పోల్చి చూడటం ఎలా

విశాఖపట్నం నుంచి చదువుల కోసమో ఉద్యోగాల కోసమో టోక్యో వెళ్లిన పిల్లల దగ్గరకు ఇప్పుడు తల్లిదండ్రులు కూడా వెళ్లి కొన్ని వారాలు ఉండి వస్తున్నారు. నేను రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, ఆ పని మీద కొన్నిసార్లు జపాన్ వెళ్లి వచ్చినవాణ్ణి కనుక, ప్రయాణానికి ముందు వారు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడ మంచి సుషీ హోటల్ ఏదండీ?" ఆ ప్రశ్నకు నేను పేరు చెప్పను. వేల సంఖ్యలో సుషీ హోటళ్లున్న నగరంలో ఒక పేరు చెబితే అది నా నాలుక సంగతి అవుతుందే తప్ప అడిగినవారికి పనికిరాదు. రెండు మూడు హోటళ్లను పక్కపక్కన పెట్టి తూచే పద్ధతి చెబితే మాత్రం అది టోక్యోలోనూ, హైదరాబాద్, బెంగళూరులలోనూ, మన బీచ్ రోడ్డు మీది పెద్ద హోటల్ మెనూ చివరి పేజీలో సుషీ కనబడినప్పుడు కూడా అక్కరకు వస్తుంది.

విశాఖవాసికి ఇందులో ఒక అనుకూలత, ఒక చిక్కు ఉన్నాయి. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున మొప్పలు ఎత్తి రంగు చూసి, కన్ను ఉబ్బెత్తుగా ఉందో లోపలికి పోయిందో గమనించి, వేలితో నొక్కి చేప కొనడం మనకు చిన్ననాటి నుంచి అబ్బిన విద్య. అది అనుకూలత. ఆ ఒక్క విద్యతోనే సుషీని కూడా కొలవబోవడం చిక్కు. చేప ఎంత తాజాదైతే సుషీ అంత గొప్పదనుకుని వెళితే సంప్రదాయ సుషీలో సగానికి పైగా మన కంటపడకుండానే పోతుంది. సుషీ అనే మాటకు మూలార్థం పులుపు. అది పచ్చి చేప పేరు కాదు, వెనిగర్ కలిపిన అన్నంతో చేసే వంటకం పేరు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్న మన వంటింటి మాట సుషీ హోటల్‌కు అక్షరాలా వర్తిస్తుంది.

సాటివాటి మధ్యనే పోలిక

పోల్చడానికి ముందు హోటళ్లను రకాల వారీగా విడదీసుకోవాలి. ఎనిమిదో పదో కుర్చీలు మాత్రమే ఉండి, చెక్క బల్లకు అవతల నిలబడిన వంటవాడు ఒక్కో ముక్కను చేత్తో ఒత్తి నేరుగా మన ముందు పెట్టే చిన్న హోటల్‌ను సుషీ-యా అంటారు. సంప్రదాయం అన్న మాట ప్రధానంగా దానికే చెల్లుతుంది. పళ్లేలు బెల్టు మీద తిరుగుతూ వచ్చేది మరో రకం. బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద కదలడం చూసి పుట్టిన ఆలోచనతో యోషియాకి షిరాయిషి 1958లో, ఇప్పటి హిగాషి ఒసాకాలో అటువంటి హోటల్‌ను మొదటిసారి తెరిచారు. ఇవి కాక డబ్బాల్లో పెట్టి అమ్మే దుకాణాలున్నాయి, సుషీతో పాటు నూడుల్సూ వేపుళ్లూ అన్నీ వడ్డించే హోటళ్లున్నాయి. మన దేశపు నగరాల్లో ఎక్కువగా తగిలేది ఈ చివరి రకమే. బెల్టు హోటల్‌ను పది కుర్చీల సుషీ-యాతో పోల్చి, "అక్కడ నాలుగో వంతు ధరకే కడుపు నిండింది" అనడం, పూర్ణా మార్కెట్ దగ్గరి ఇడ్లీ బండిని పెళ్లి విందుతో తూచినట్టు ఉంటుంది. రెండూ మంచివే కావచ్చు, కాని వాటి మధ్య పోటీ లేదు.

అదే విధంగా, తెప్పించుకునే తీరు కూడా ఒకటే ఉండాలి. ఏమి పెట్టాలో వంటవాడికే వదిలివేయడాన్ని ఒమకాసే అంటారు. ముందే నిర్ణయించిన ముక్కల పళ్లెం ఒకిమారి. మనమే ఒక్కొక్కటి అడిగి తెప్పించుకోవడం ఒకోనోమి. ఒక చోట రాత్రి ఒమకాసే, మరో చోట మధ్యాహ్నపు ఒకిమారి తిని తీర్పు చెప్పకూడదు. కొత్తవారికి నా సలహా ఏమిటంటే, పోల్చదలచిన రెండు మూడు చోట్లా మధ్యాహ్నపు ఒకిమారితోనే మొదలుపెట్టాలి. మధ్యాహ్నం పెట్టే చేపల్లో ఖరీదైనవి తక్కువగా ఉండవచ్చు గాని అన్నం చాలావరకు అదే అన్నం, చెయ్యి అదే చెయ్యి.

ఇక సంప్రదాయమంటే ఏమిటో తెలియనిదే కొలతకు ఆధారం దొరకదు. సుషీకి పూర్వరూపం చేపను ఉప్పు, అన్నంతో కలిపి నెలల తరబడి పులియబెట్టే నిల్వ పద్ధతి. షిగా ప్రాంతంలో బివా సరస్సు చేపతో చేసే ఫునాజుషీ ఇప్పటికీ ఆ పద్ధతినే గుర్తుచేస్తుంది. చేత్తో ఒత్తిన అన్నం మీద చేప ముక్క పెట్టే నిగిరి మాత్రం 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, ఎదో అనే పాత పేరుతో ఉన్న టోక్యోలో ప్రచారంలోకి వచ్చింది. 1820ల నాటి హనాయా యోహేయికి ఆ ఘనత ఇస్తారు. అప్పుడది వీధి బండి మీద నిలబడి తినే తిండి, ముక్క కూడా ఇప్పటిదానికి రెండు మూడింతలు ఉండేది. ఐసు, ఫ్రిజ్ లేని కాలం కనుక ఎదో వంటవాళ్లు ప్రతి చేపకూ ఏదో ఒక పని చేసేవారు: కొన్నింటికి ఉప్పు పట్టించి వెనిగర్‌లో ముంచేవారు, కొన్నింటిని సోయా సాస్‌లో నానబెట్టేవారు, కొన్నింటిని ఉడికించేవారు, మరికొన్నింటిని కొంబు అనే సముద్రపు నాచు ఆకుల మధ్య పెట్టి అదిమేవారు. ఈ శైలికే ఎదోమాయె అని పేరు. ఫ్రిజ్ వచ్చిన తరువాత అవసరం తీరిపోయినా రుచి కోసం ఆ పనులు నిలిచాయి. కాబట్టి సంప్రదాయ హోటళ్లను పోల్చేటప్పుడు అడగవలసిన ప్రశ్న, చేప ఎంత తాజాగా ఉన్నదని కాదు, చేపకు వీరు ఏ పని చేశారని.

అన్నం

పులిహోర కలిపిన చేతులకు ఈ భాగం సులువుగా అర్థమవుతుంది. వేడి వేడి అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి, మెతుకు చితకకుండా అంచుల నుంచి కలిపే పద్ధతి మనకు తెలిసినదే. సుషీ అన్నానికి కూడా వెడల్పాటి చెక్క తొట్టి ఉంటుంది. ఉడికిన వెంటనే అన్నాన్ని అందులో పోసి, వెనిగర్, ఉప్పు, కొన్ని చోట్ల చక్కెర కలిపిన ద్రవాన్ని తెడ్డు మీదుగా జారవిడిచి, తెడ్డును కత్తిలా అడ్డంగా దించుతూ కలుపుతారు. కలుపుతూనో కలిపాకో విసనకర్రతో విసురుతారు; అప్పుడే పైతడి ఆరి మెతుకు మీద నిగారింపు వస్తుంది. తేడా ఎక్కడంటే, పులిహోరలో మెతుకు మెతుకూ విడివిడిగా రాలాలి, ఇక్కడ విడిగా కనబడుతూనే ఒకదానినొకటి పట్టుకుని ఉండాలి. అందుకే పొట్టి గింజ, జిగురు ఎక్కువగా ఉండే జపాన్ రకపు బియ్యం కావాలి. మన సోనా మసూరిలో అమైలోజ్ అనే పిండిపదార్థం పాలు ఎక్కువ కనుక అన్నం పొడిపొడిగా వస్తుంది, పప్పూ పులుసూ కలుపుకోవడానికి అదే కావలసిన గుణం. ఆ బియ్యంతో సుషీ ఒత్తాలంటే గట్టిగా పిసకాలి, పిసికితే ముద్ద అవుతుంది. మన దగ్గర ఏ హోటల్లోనైనా సుషీ ముక్క ముద్దగా, బరువుగా అనిపిస్తే మొదట అనుమానించవలసింది బియ్యాన్నే.

పరీక్ష ఇలా చేయాలి. ముక్కను బొటనవేలు, చూపుడువేలు, నడిమివేళ్ల మధ్య తేలికగా ఎత్తాలి. సుషీని చేత్తో తినడం జపాన్‌లో తప్పు కాదు, మనకు అది ఇంకా హాయి. నోటి దాకా విడిపోకుండా రావాలి. నాలుక మీద పెట్టి అంగిటికి ఆనించగానే మెతుకులు తమంతట తాము విడిపోవాలి. ఒకసారి టోక్యోలో ఒక చిన్న హోటల్లో వంటవాడు నా ముందు పెట్టిన ముక్క పళ్లెం మీద పెట్టిన తరువాత వెంట్రుకవాసి కిందికి దిగడం చూశాను. లోపల గాలి ఉండేలా ఒత్తడం వల్ల చేప బరువుకు అన్నం కొద్దిగా కుదించుకుంది. అప్పటి నుంచి ఏ హోటల్‌కు వెళ్లినా మొదటి ముక్కను వెంటనే ఎత్తకుండా ఒక్క క్షణం చూస్తాను. అయితే ఒక్క క్షణమే. అంతకంటే ఆలస్యం చేస్తే ఎదుటి మనిషి ముఖం మారుతుంది, ఆయన ఆ ముక్కను అప్పటికప్పుడు తినడానికే చేశాడు.

వేడిమి మరో గుర్తు. అన్నం ఇంచుమించు ఒంటి వేడిమిలో, చేప అంతకంటే కొంచెం చల్లగా ఉండాలి. అన్నం చల్లగా, గింజ నడుమ గట్టిగా తగిలితే అది ఫ్రిజ్‌లో ఉండి వచ్చిందని నిర్ణయించుకోవచ్చు, ఎందుకంటే చల్లదనానికి పిండిపదార్థం మళ్లీ బిగుసుకుంటుంది. బఫే బల్ల మీద వరుసగా పేర్చిన సుషీలో ఈ లోపం దాదాపు తప్పదు, కనుక బఫే చూసి ఒక హోటల్ సుషీకి మార్కులు వేయడం ఆ వంటవాడికి అన్యాయమే అవుతుంది. అదే హోటల్లో విడిగా తెప్పించి తిన్నాకే మాట్లాడాలి.

అన్నం రంగు కూడా చూడండి. కొన్ని హోటళ్లలో అది లేత గోధుమరంగులో ఉంటుంది. అది మురికి బియ్యం కాదు, సాకే మద్యం వడకట్టగా మిగిలిన పిప్పిని ఏళ్ల తరబడి మగ్గబెట్టి చేసే ఎర్ర వెనిగర్ వల్ల వచ్చిన రంగు. 1804లో హందా పట్టణంలో నకానో మతజాయెమోన్ ఈ పిప్పితో వెనిగర్ తయారీ మొదలుపెట్టాక అది ఎదో నగరపు సుషీ బండ్లకు చేరింది. ఎర్ర వెనిగర్ అన్నానికి పులుపు మెత్తగా, ఘాటు లోతుగా ఉంటుంది. తెల్ల వెనిగర్ అన్నం తేటగా ఉంటుంది. ఒకటి గొప్ప, ఒకటి తక్కువ కాదు. ఆ హోటల్ చేపలకు ఆ అన్నం సరిపడిందా అన్నదే లెక్క. కొవ్వున్న ట్యూనాకు ఎర్రది బాగా నప్పుతుంది, తెల్లని లేత చేపను అది మింగేస్తుంది.

ప్రతి చోటా అవే నాలుగు ముక్కలు

రెండు హోటళ్లలో వేర్వేరు చేపలు తిని పోల్చడం కుదరదు. అందుకే ప్రతి చోటా ఒకే నాలుగు ముక్కలు అడగాలని నేను నియమం పెట్టుకున్నాను. టోక్యోలో ఆ నాలుగూ ఇవి: కొహాదా, ట్యూనా ఎర్రభాగం, అనాగో, గుడ్డు.

కొహాదా వెండి తోలు గల చిన్న చేప, మన కవ్వళ్లకూ పులసకూ దూరపు చుట్టం. సముద్రంలో ఇలసగా ఉన్నది గోదావరికి ఎదురెక్కితే పులస అయినట్టు, ఈ చేపకు కూడా వయసుతో పేర్లు మారతాయి: బాగా చిన్నప్పుడు షింకో, తరువాత కొహాదా, పెద్దదయ్యాక కొనోషిరో. విచిత్రమేమిటంటే చాలా చేపలకు పెరిగేకొద్దీ ధర పెరిగితే, దీనికి తగ్గుతుంది. పచ్చిగా తింటే ఇందులో పెద్ద విశేషం లేదు, ముళ్లు కూడా ఎక్కువ. దానిని చీల్చి, ఉప్పు చల్లి, కడిగి, వెనిగర్‌లో ముంచి తీసి, ఒకటి రెండు రోజులు ఆగితేనే రుచి. ఉప్పు ఎంతసేపు, వెనిగర్ ఎంతసేపు అన్నది ఆ రోజు చేప లావును, కొవ్వును, వాతావరణాన్ని బట్టి వంటవాడే నిర్ణయించాలి. మన ఇళ్లలో ఆవకాయ కలిపే పెద్దావిడ కొలత గిన్నె పక్కన పెట్టి చేత్తోనే ఉప్పు వేసినట్టు అన్నమాట. కొహాదా ముక్క పుల్లగా మాత్రమే ఉంటే వెనిగర్ ఎక్కువైంది, ఉప్పగా ఉండి నీచు తగిలితే కడగడంలో లోపముంది, తోలు నోట్లో సాగుతూ మిగిలిపోతే కత్తి సరిగా పడలేదు. ఈ ఒక్క ముక్క హోటల్ గురించి ట్యూనా కంటే ఎక్కువ చెబుతుంది. మన దేశంలో కొహాదా ఉండదు కనుక దాని స్థానంలో వెనిగర్ పట్టించిన కానాగంత జాతి చేప, అంటే మెనూలో సబా అని రాసేది, అడగవచ్చు.

ట్యూనాను మన మత్స్యకారులు సూర అంటారు, విశాఖ తీరంలో పసుపు రెక్కల సూర పడుతుంది. టోక్యో సుషీ-యాలో గౌరవం నీలి రెక్కల రకానిది. అందరూ కొవ్వుతో నిండిన పొట్టభాగం తోరో అడుగుతారు. కాని తోరో కొవ్వు చాలా లోపాలను కప్పేస్తుంది. పోల్చడానికి కావలసింది అకామి అనే ఎర్రని కండ, అందులోనూ సోయా సాస్‌లో కాసేపు నానబెట్టిన జుకే ఉంటే అదే. పాతకాలంలో తోరోకు విలువే లేదు, కొవ్వు త్వరగా చెడుతుంది కాబట్టి ఎదో జనం అకామినే తిన్నారు. రంగు విషయంలో ఒక జాగ్రత్త అవసరం: ట్యూనా సహజంగా ముదురు ఎరుపు, గాలి తగిలేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఎంతసేపైనా పుచ్చకాయ గుజ్జులా మెరిసే గులాబీ ఎరుపులోనే ఉండిపోతే దానికి కార్బన్ మోనాక్సైడ్ పట్టించి ఉండవచ్చు. ఈ పని జపాన్‌లో నిషిద్ధం, కారణం సులువే: పాడైన చేప కూడా ఎర్రగానే కనబడుతుంది.

అనాగో సముద్రపు పాముచేప. దానిని మెత్తగా ఉడికించి, ఆ ఉడికిన రసాన్నే చిక్కబరచి పైన పూస్తారు. నోట్లో పెట్టగానే వెన్నలా విడిపోవాలి. మన దేశపు మెనూలలో కనబడే ఉనాగి మంచినీటి రకం, ఎక్కువగా వండి గడ్డకట్టించి దిగుమతి చేసుకున్నది. తియ్యని సాస్‌తో బాగానే ఉంటుంది గాని ఆ హోటల్ వంటవాడి పనితనం అందులో లేదు కనుక పోలికకు పనికిరాదు. దాని బదులు రొయ్య తీసుకోండి. నిటారుగా ఉండేందుకు పుల్ల గుచ్చి ఉడికించి, పొట్టవైపు చీల్చి పరిచిన రొయ్య సుషీకి సంప్రదాయమైనదే. అప్పుడే ఉడికించినదైతే తియ్యగా, కొరికితే మెత్తగా తెగుతుంది. చీల్చి ఉడికించి గడ్డకట్టించి పెట్టెల్లో వచ్చినదైతే రబ్బరులా సాగి రుచి నీళ్లలో పోయి ఉంటుంది. అటువంటి పెట్టెల లెక్కలు చూసిన కళ్లు కనుక ఈ తేడా నాకు దూరం నుంచే తెలిసిపోతుంది.

గుడ్డు గురించి ఎక్కువ చెప్పను. పొరలు పొరలుగా చుట్టిన అట్టు కావచ్చు, రొయ్య గుజ్జు కలిపి కేకులా కాల్చినది కావచ్చు. దానితోనే హోటల్‌ను అంచనా వేయాలని పాతవారు అనేవారు. ఇప్పుడు బయట నుంచి తెప్పించే చోట్లు కూడా ఉన్నాయి కనుక ముందు మీరే చేస్తారా అని అడిగి తెలుసుకోవాలి.

సాల్మన్ లేదని ఏ సంప్రదాయ హోటల్‌నూ తక్కువ చేయకండి. పచ్చి సాల్మన్ సుషీ ఎదో సంప్రదాయం కాదు. నార్వే దేశం తన సాల్మన్‌ను జపాన్‌లో అమ్ముకోవడానికి 1980లలో చేసిన ప్రచారంతో అది ఊపందుకుంది. ఇప్పటికీ దానిని బల్ల మీదకు రానివ్వని సుషీ-యాలు ఉన్నాయి.

"ఈ రోజే హార్బర్ నుంచి వచ్చింది సార్"

ఒక మే నెలలో మన నగరంలోనే ఒక హోటల్లో పచ్చి చేప ముక్క గురించి వడ్డించే అబ్బాయిని అడిగాను.

"బాబూ, ఈ చేపను గడ్డకట్టించారా?"

"లేదు సార్, పూర్తి ఫ్రెష్. ఈ రోజే హార్బర్ నుంచి వచ్చింది."

కూరకైతే ఇంతకంటే మంచి మాట లేదు. పచ్చిగా తినడానికి ఇంతకంటే భయపెట్టే మాట కూడా లేదు. పైగా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం, ఆ రోజుల్లో మరబోట్లు హార్బర్ దాటవు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, ఎవరో నేర్పిన మాట అప్పజెప్పాడు. నేను దోసకాయ రోల్ తెప్పించుకుని తిని వచ్చాను.

సముద్రపు చేపల్లో అనిసాకిస్ వంటి పురుగులు ఉండవచ్చు. వాటిని చంపడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే లెక్క మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువలో 7 రోజులు, లేదా మైనస్ 35 డిగ్రీలలో గడ్డకట్టించి అక్కడే 15 గంటలు. మన ఇంటి ఫ్రిజ్ పై అర ఈ పనికి చాలదు. పెద్ద ట్యూనా జాతులకు ఆ నియమంలో మినహాయింపు ఉంది, అయినా దూర సముద్రాల్లో పట్టిన ట్యూనా సాధారణంగా ఓడ మీదే మైనస్ 60 డిగ్రీల దాకా గడ్డకట్టి వస్తుంది. కనుక "గడ్డకట్టించినదే, ఇన్ని డిగ్రీలు, ఇన్ని రోజులు" అని తడుముకోకుండా చెప్పగలిగిన హోటల్ నా పట్టికలో పైకి పోతుంది. సూర, కానాగంత వంటి చేపల్లో ఇంకో ప్రమాదం హిస్టమిన్. పట్టిన తరువాత ఐసు అందక ఎండలో కాసేపు ఉన్నా అది పుడుతుంది, పుట్టాక గడ్డకట్టించినా వండినా పోదు, తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటే ఆ ముక్కను మింగకూడదు. మంచినీటి చేపను పచ్చిగా ఎక్కడా తినవద్దు. గర్భిణులు పచ్చి ముక్కల జోలికి పోకపోవడమే మంచిది. హార్బర్‌లో కొన్న సూరను ఇంటికి తెచ్చి కోసుకుని తిందామన్న సరదా కూడా మానుకోవాలి.

బల్ల ముందు కూర్చున్నాక

లోపలికి అడుగు పెట్టగానే ముక్కుకు వెనిగర్, చెక్క వాసన తగలాలి. నీచు వాసన తగిలితే వెనక్కి తిరగవచ్చు. తరువాత వంటవాడి చేతి పక్కన తడిగుడ్డ ఎంత తరచుగా కడుగుతున్నాడో, కత్తిని ఎన్నిసార్లు తుడుస్తున్నాడో గమనించండి. మంచి చోట సోయా సాస్‌ను వంటవాడే కుంచెతో పూసి ఇస్తాడు, మళ్లీ ముంచుకోనక్కర లేదు. ముంచుకోవలసి వచ్చినా చేపవైపు తగిలించాలే గాని అన్నంవైపు కాదు. ఎడమచేతి వాటం గలవారికి ముక్కను అటు తిప్పి పెట్టే వంటవాళ్లున్నారు, అడగకుండానే అది చేసిన చోటును నేను గుర్తు పెట్టుకుంటాను.

వసాబి అసలుదా కాదా అన్నది తేలికగానే తెలుస్తుంది. చాలా చోట్ల పెట్టే ఆకుపచ్చ ముద్దలో ఉండేది హార్స్ రాడిష్, ఆవాలు, రంగు. మన ఆవపిండి తిన్నట్టే ఘాటు ముక్కులోకి తన్ని అక్కడే నిలుస్తుంది. అసలు వసాబి దుంపను అప్పటికప్పుడు తురుముతారు. తురిమిన పావుగంటలో వాసన తగ్గిపోతుంది, ఘాటు లేచి వెంటనే తియ్యగా దిగుతుంది. అల్లం ముక్కలు లేత పసుపులోనో ఉందీ లేనట్టున్న గులాబీలోనో ఉంటే మంచిది, మిఠాయిలా ముదురు గులాబీ అయితే రంగు వేసినట్టే. అల్లాన్ని సుషీ మీద పెట్టుకు తినరు, ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికే అది.

రోల్ చుట్టే నోరి అనే నాచు కాగితం విషయంలో విశాఖవాసులకు బోధించవలసిన పని లేదు. మన సముద్రపు గాలిలో వేయించిన అప్పడం పది నిమిషాల్లో ఏమవుతుందో అందరికీ తెలుసు. నోరి కూడా అంతే. చుట్టిన వెంటనే చేతికి ఇస్తే కరకరలాడుతుంది, ఆలస్యమైతే తడిసిన తోలు కొరికినట్టు ఉంటుంది. రోల్‌ను పళ్లెంలో పేర్చి, సాస్‌తో గీతలు గీసి, అలంకరించి తెచ్చే హోటల్లో ఆ కరకర దొరకదు.

మన వైపు నుంచి కూడా ఒక మాట. పది మంది కూర్చునే బల్ల దగ్గర సెంటు కొట్టుకుని వెళ్లడాన్ని అక్కడ బాగా తప్పుపడతారు, ఎందుకంటే పక్కవారి ముక్కుకు చేప, అన్నం వాసన అందదు. మన ఆడవారికి నేను చెప్పడానికి మొహమాటపడే సంగతి కూడా ఇదే: ఆ పూటకు మల్లెపూలు కూడా వద్దు.

శాకాహారులతో వెళితే

కుటుంబంలో ఒకరిద్దరు శాకాహారులుంటే హోటళ్ల పోలిక పూర్తిగా మారిపోతుంది. దోసకాయతో చేసిన కప్పామాకి నిశ్చింతగా తినవచ్చు. కాన్‌ప్యో అనేది మరింత మనది: ఆనపకాయను పొడవాటి నాడాల్లా చెక్కి ఎండబెట్టిన ఒరుగులు. జపాన్‌లో ఇది ఎక్కువగా తోచిగి ప్రాంతంలో తయారవుతుంది. వాటిని నానబెట్టి సోయా, చక్కెరతో ఉడికించి రోల్‌లో పెడతారు. చూపుకు శుద్ధ శాకాహారమే గాని, ఉడికించే నీరు తరచుగా దాషి, అంటే ఎండు చేప తురుముతో కాచిన చారు. తోఫు సంచిలో అన్నం నింపిన ఇనారికి కూడా ఇదే సందేహం. అందుచేత "మాంసం లేదు కదా" అని కాక "దాషి దేనితో చేశారు" అని అడగాలి. కొంబుతో మాత్రమే చేశామని చెప్పగలిగిన హోటల్ శాకాహారి లెక్కలో మిగతావాటికంటే ముందుంటుంది. మద్యం ముట్టనివారు వంటలో వాడే మిరిన్, సాకేల గురించి కూడా అడిగి తెలుసుకోవాలి.

బిల్లు, నక్షత్రాలు, నోటు పుస్తకం

ధర పోల్చేటప్పుడు మొత్తం బిల్లును చూసి బెదిరిపోకుండా ముక్కకు ఎంత పడిందో లెక్క వేయండి. తాగిన వాటి ఖర్చు, సర్వీసు చార్జీ విడదీయాలి. జపాన్‌లో కూర్చుని తింటే వినియోగ పన్ను 10 శాతం, కట్టించుకుని వెళితే 8 శాతం. టిప్పు ఇచ్చే అలవాటు లేదు, బల్ల మీద వదిలి వస్తే మరిచిపోయారనుకుని వెంటపడి తెచ్చిస్తారు. చిన్న సుషీ-యాలో చోటు బుక్ చేసి వెళ్లకపోతే డబ్బు వసూలు చేయవచ్చు, వారు ఆ రోజు మన కోసమే చేప కొని ఉంటారు కనుక నాకు అది న్యాయంగానే తోస్తుంది.

హోటళ్లకు నక్షత్రాలతో గుర్తింపునిచ్చే మిషెలిన్ గైడ్ టోక్యో నక్షత్రాలను 2007 చివర నుంచి ప్రకటిస్తున్నది. అవి ఒక సూచన మాత్రమే. అంతకుముందు మూడు నక్షత్రాలున్న టోక్యో సుషీ-యా సుకియాబాషి జిరో 2019 నవంబరులో విడుదలైన గైడ్‌లో లేకపోవడానికి కారణం రుచి తగ్గడం కాదు, సామాన్యులు నేరుగా చోటు బుక్ చేసుకునే వీలు లేకపోవడం. కనుక పట్టికలో పేరు లేనంత మాత్రాన హోటల్‌ను కొట్టివేయనక్కర లేదు.

వెళ్లే రోజు కూడా ఒకే తీరుగా ఉండాలి. త్సుకిజీ నుంచి 2018 అక్టోబరులో తొయోసుకు మారిన టోక్యో చేపల మార్కెట్ ఆదివారాలు, చాలా బుధవారాలు మూసి ఉంటుంది. ఒక హోటల్‌కు శుక్రవారం, ఇంకోదానికి మార్కెట్ సెలవు నాడు వెళ్లి పోల్చితే లెక్క తప్పవచ్చు. రెండు చోట్లకూ ఒకే వారంలో, ఒకే పూట, ఒకే ఆకలితో వెళ్లి, బయటికి వచ్చిన వెంటనే వీధి దీపం కింద నిలబడి అయినా సరే అన్నం, కొహాదా, అకామి, అనాగో, గుడ్డు అన్న అయిదు మాటల ఎదుట ఒక్కో వాక్యం రాసుకోండి. ఇల్లు చేరాక రాద్దామనుకుంటే తోరో ఒక్కటే గుర్తుంటుంది.

భోజనం ముగిసేటప్పుడు వంటవాడు ఇంకేమైనా కావాలా అని అడుగుతాడు. అప్పుడు కొత్త చేప పేరు వెతకకండి, తిన్న వాటిలోనే ఒకదాన్ని మళ్లీ అడగండి. రెండోసారి అడగబుద్ధి అయినది ఏదో పుస్తకంలో దాని కింద గీత గీయండి. నా పుస్తకంలో రెండు హోటళ్ల పేర్ల పక్కన ఆ గీత కొహాదా కింద ఉంది, మూడోదానిలో ఏ పేరు కిందా లేదు.